ఎదురుగా నిలబడే పని

తుపాకి కొలత తీసే పనిలో ఒక చిక్కుంది. ఎంత మొనగాడైనా తన కొలత తాను తీసుకోలేడు. తుపాకి భుజానికెత్తి, చెంప కొయ్యకి ఆనించి, రెండు కళ్ళూ తెరిచి చూస్తున్నప్పుడు ఆ కన్ను గొట్టాల మీద ఎక్కడ కూర్చుందో తెలియాలంటే ఇంకో మనిషి వచ్చి గొట్టాల మూతికి ఎదురుగా నిలబడాలి. అద్దం పెట్టుకుని చూసుకుంటే మెడ బిగుసుకుపోయి కొలత తప్పుతుంది. మా బావ ఇన్నేళ్ళ తర్వాత మా కొట్టు మెట్లెక్కింది ఆ ఒక్క చిక్కు వల్లే. నా మీద ప్రేమ పొంగి కాదు.

బావంటే మా అక్క భర్త. పని నేర్చుకుంటానని నాన్న దగ్గరికి వచ్చాడు. పనీ నేర్చుకున్నాడు, అక్కనీ చేసుకున్నాడు. రెండింటికీ నాన్న ఎంతో మురిసిపోయాడు.

ఊరి చివర షూటింగ్ క్లబ్బుంది. అక్కడ పిట్టల్నీ జంతువుల్నీ కొట్టరు. యంత్రం ఒకటి సాసరంత మట్టి బిళ్ళల్ని గాల్లోకి విసురుతుంది, రెండు గొట్టాల తుపాకితో వాటిని పగలగొట్టాలి. అంతే ఆట. చూసేవాళ్ళకి చిన్నపిల్లల వ్యవహారంలా ఉంటుంది గానీ దాని వెనక పెద్దవాళ్ళు నిద్రాహారాలు మానుకుంటారు. ఇందులో తీరిగ్గా గురి చూసే వీలుండదు. కన్ను బిళ్ళ వైపు తిరిగితే తుపాకి కూడా దానంతటదే తిరగాలి. అందుకని తుపాకి మనిషి ఒంటికి కొలిచి కుట్టించిన చొక్కాలా కుదరాలి. మడమ, అంటే భుజానికి ఆనే వెనక కొయ్య, పొడుగైతే ఎత్తేటప్పుడు చంకలో తట్టుకుంటుంది, పొట్టిదైతే బొటనవేలు వచ్చి ముక్కు పగలగొడుతుంది. చెంప ఆనే చోటు ఎత్తుగా ఉంటే గుళ్ళు బిళ్ళ పైనుంచి పోతాయి, పల్లంగా ఉంటే కిందనుంచి పోతాయి. మడమ కాస్త పక్కకి ఒంపు తిరిగి ఉండాలి, అదీ మనిషి భుజాన్నీ మొహాన్నీ బట్టి. ఇవేవీ పట్టించుకోకుండా జనం ఇనుము మీద చెక్కిన బాతు బొమ్మ చూసి తుపాకి కొనేస్తారు. అలాంటివాళ్ళని నాన్న కళ్ళు మూసుకుని తుపాకి ఎత్తమనేవాడు. ఎత్తాక కళ్ళు తెరవమనేవాడు. చాలామందికి గొట్టాలు కనిపించేవి కాదు, తమ బొటనవేలు కనిపించేది. అప్పుడు నోరు మూసుకుని కొలత ఇచ్చేవాళ్ళు.

నాన్న దగ్గర ఒక ట్రై గన్ ఉండేది. ఆటకి కాదు, కొలవడానికి. దాని మడమకి మరలు ఉంటాయి, పైకీ కిందకీ, అటూ ఇటూ, వెనక్కీ ముందుకీ ఎటు కావాలంటే అటు జరుగుతుంది. నాన్న దాన్ని కీళ్ళ తుపాకి అనేవాడు. అది మనిషి చేతికిచ్చి, ఎదురుగా నిలబడి, అతని కంట్లోకి చూస్తూ ఒక్కో మరా తిప్పేవాడు. మనిషి కన్ను గొట్టాల మీది ఇనప పట్టీ మీద సరిగ్గా సూర్యుడు పొడిచినట్టు కనిపించాక ఆపేవాడు. ఆ కొలతతో కొయ్య చెక్కేవాడు. నాకూ అదే నేర్పాడు.

బావ బయటికెళ్ళి పెద్ద బజారులో అద్దాల తలుపులతో సొంత కొట్టు పెట్టాడు. అందుకు నాకేం కడుపుమంట లేదు. ఎవరి బతుకు వాళ్ళది. కానీ జనం ఆ అద్దాల తలుపులు దాటుకుని నాన్న దగ్గరికే వచ్చేవాళ్ళు. అప్పుడు బావ ఒక మాట మొదలుపెట్టాడు. క్లబ్బులో టీ తాగుతూ, ఎవరో నాన్న పేరెత్తగానే, కప్పు కింద పెట్టి నిట్టూర్చి, "మామయ్యకి కళ్ళు మసకబారాయి, పాపం" అన్నాడట. తిట్టలేదు, ఎగతాళి చెయ్యలేదు. ఆ 'పాపం' అనే మాట దగ్గరే ఉంది కిటుకంతా. తిడితే అడ్డుకునేవాళ్ళుంటారు, జాలిపడితే అందరూ తోడొస్తారు. కంట్లోకి చూసి కొలత తీసే మనిషికే కన్ను ఆనదంటే ఎవడొస్తాడు?

ఎవడూ రాలేదు. నాన్న కళ్ళు డేగ కళ్ళు. కొట్లో ఒక్కడే కూర్చుని తూటాల పెట్టె మీది చీమంత అక్షరాలు పైకి చదివేవాడు, వీధిలో వెళ్ళేవాళ్ళకి వినిపించేలాగ. ఎవరూ ఆగి వినేవాళ్ళు కాదు. పోయేవరకూ అలాగే చదివాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, అందుకే నేను బావని క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

నాకు కావాల్సింది ఒకటే. ఆ క్లబ్బులో, ఆ టీ బల్ల దగ్గర, ఆ మనుషుల ముందే, బావ తన నోటితో "మామయ్య కళ్ళు బాగానే ఉండేవి, నేనే అబద్ధం చెప్పాను" అనాలి.

ఈ విషయం అక్కతో ఒకేసారి మాట్లాడాను. "ఆయన నిజంగానే అలా అనుకున్నారేమోనే" అంది. మొగుడు గదా. ఇక ఆ మాటెత్తలేదు. మిగతా అన్ని సంగతులూ మాట్లాడుకునేవాళ్ళం. అక్క నాకు తల్లి లెక్క. అమ్మ పోయాక నాకు జడ వేసింది, జ్వరాలకి రాత్రులు కూర్చుంది. బావ మీద ఎంత కసి ఉన్నా అక్క ఫోను వస్తే మొదటి రింగుకే ఎత్తేదాన్ని.

ఇక బావ వచ్చిన రోజు సంగతి.

"ఏం మరదలా, బాగున్నావా?" అంటూ గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టు నెరిసింది, టెక్కు మాత్రం నెరవలేదు.

"రండి బావగారూ," అన్నాను. ఒకప్పుడు ఉత్త 'బావా' అనేదాన్ని. 'గారు' తగిలించింది మర్యాదకి కాదు, ఎడం పాటించడానికి.

కూర్చోమనకుండానే కూర్చున్నాడు. క్లబ్బు జట్టుకి ఆయనే కెప్టెన్. పెద్ద పోటీ దగ్గర పడుతోంది. కానీ ఈ మధ్య బిళ్ళలు తప్పిపోతున్నాయి. తుపాకి కుదరడం లేదనుకుని తన కొట్లోనే మడమ మార్పించాడు, మళ్ళీ మార్పించాడు. పనివాళ్ళు కొలత తీస్తారు గానీ యజమాని మొహం చూసి "బ్రహ్మాండంగా ఉంది సార్" అంటారు.

"నువ్వైతే మొహం మీదే చెప్తావు. ఒక్కసారి కొలత చూడు," అన్నాడు.

"చూస్తాను. ఒక్క షరతు."

"ఏంటది?"

"నాన్న కళ్ళ గురించి మీరన్న మాట అబద్ధమని క్లబ్బులో అందరి ముందూ చెప్పండి."

ఆయన మొహం చిట్లించాడు. "ఇప్పుడవన్నీ ఎందుకు? పోయినాయన పోయాడు. ఆయనకి వయసు మీద పడింది, నేనన్నదాంట్లో తప్పేముంది? పాతవన్నీ తవ్వుకుంటూ కూర్చుంటే ఎలా?"

నేను పళ్ళు బిగించాను. గెంటేసి తలుపు వేసుకోవచ్చు. లేదా కొలతలో చిటికెడు తేడా పెట్టొచ్చు. మడమ ఒంపు ఒక్క గోరు మందం అటు జరిగితే చాలు, జన్మలో ఆయన ఎందుకు తప్పుతున్నాడో ఆయనకే తెలియదు. ఆ ఆలోచన చాలా తియ్యగా అనిపించింది. కానీ ఆయన ఓడిపోతే ఏమంటాడు? 'తండ్రి లాగే కూతురికీ కళ్ళు ఆనడం లేదు, పాపం' అంటాడు. ఆ అవకాశం నేనివ్వను. తుపాకి ఎంత బాగా కుదరాలంటే, దాని మీద వేలెత్తి చూపడానికి ఎవరికీ సందు దొరక్కూడదు. అప్పుడు తప్పు ఎవరిదో లోకమే చూస్తుంది.

"సరే, తీస్తాను. ఇక్కడ కాదు, క్లబ్బులో పలక దగ్గర, అందరూ ఉండగా," అన్నాను.

"అలాగే కానీ. నాకేం దాపరికం?" అన్నాడు.

క్లబ్బులో ఓ మూల నిలువెత్తు ఇనప పలక ఉంటుంది. దానికి సున్నం పూసి మధ్యలో నల్ల చుక్క పెడతాం. మనిషి తుపాకి ఎత్తి చుక్క మీద కాలిస్తే గుళ్ళు పడ్డచోట సున్నం రాలుతుంది, తుపాకి ఎటు చూస్తోందో బయటపడుతుంది. ఆ ఆదివారం పొద్దున్నే వెళ్ళి పలకంతా నేనే సున్నం కొట్టాను. పాల మీగడలా తెల్లగా వచ్చింది. క్లబ్బు కార్యదర్శీ, జట్టులోవాళ్ళూ కుర్చీలు లాక్కుని చుట్టూ చేరారు. మరదలు బావకి కొలత తీస్తుందంటే వాళ్ళకి సినిమా చూసినంత సరదా.

బావ కాల్చాడు. మళ్ళీ కాల్చాడు. ప్రతిసారీ సున్నం చుక్కకి ఎడమ పక్కనే రాలింది.

"చూశావా? మడమ ఒంపే తప్పు," అన్నాడు.

కీళ్ళ తుపాకి ఆయన చేతికిచ్చాను. ఇచ్చే ముందు దాన్ని మడిచి, లోపల తూటాలు లేవని రెండు గొట్టాల్లోంచీ ఆకాశం చూశాను, పక్కవాళ్ళకీ చూపించాను. తర్వాత ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. బావ తుపాకి ఎత్తి నా కంటికి గురిపెట్టాడు. ఇద్దరం ఒకరి కంట్లోకి ఒకరం అంత దగ్గరగా చూసుకుని ఎన్నేళ్ళయిందో.

మడమ ఒంపు అంతగా తప్పు లేదు. తప్పు ఇంకోచోట ఉంది. ఆయన పుట్టినప్పట్నుంచీ కుడికన్ను వాటం మనిషి. ఆ రోజు కుడికన్ను పట్టీ మీదే ఉంది గానీ చూపు దానిది కాదు. పెత్తనం ఎడమకన్ను చేస్తోంది. కుడి భుజం మీద తుపాకి పెట్టుకుని ఎడమకన్ను చూస్తుంటే గుళ్ళు ఎడమకే పోతాయి. కన్ను ఊరికే పెత్తనం వదులుకోదు.

"ఎడమకన్ను మూసి పలక వైపు చూడండి," అన్నాను.

మూశాడు. కాసేపు చూసి విసుక్కున్నాడు. "సున్నం సరిగ్గా కొట్టలేదేంటి? కింద ఎడమ మూలంతా నల్లగా వదిలేశావు."

నేను పలక వైపు తిరిగి చూశాను. ఆ మూల తెల్లగా మెరిసిపోతోంది.

"ఈ మధ్య ఇంకేమైనా కనిపిస్తోందా? మసి రాలినట్టు, మెరుపుల్లాగ?"

"తూటాల్లో మందు నాసిరకం. పక్కన ఉత్తినే మెరుస్తుంటుంది. కంపెనీ మార్చాలి," అన్నాడు.

 ఆ మాట నేను ముందోసారి విన్నాను. నా చిన్నప్పుడు ఒక దర్జీ నాన్న దగ్గర కొలతకి వచ్చి, ఓ కంటికి మూల నీడగా ఉందన్నాడు, మసి రాలుతోందన్నాడు. నాన్న మరోమాట మాట్లాడలేదు. కొట్టు తాళం వేసి, ఆయన్ని కారెక్కించుకుని, తిన్నగా కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కంటి వెనక పొర ఊడుతోందట. ఆలస్యమైతే కన్ను పోయేదట, సమయానికి తెచ్చారని డాక్టరు మెచ్చుకున్నాడట. ఆ దర్జీ ఆ తర్వాత నాకు ప్రతి ఏడూ గౌను కుట్టి ఇచ్చేవాడు.

కాబట్టి ఏం చెయ్యాలో నాకు తెలుసు. తెలియదని ఎవరి దగ్గరా బుకాయించను. బావని పక్కకి పిలిచి, చెయ్యి పట్టుకుని, "బావా, ఇది ఆట కాదు, పద ఆసుపత్రికి" అంటే వచ్చేవాడు. నా మొహం చూస్తే భయపడి వచ్చేవాడు.

నేను చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగాను. అదే క్లబ్బు, అవే కుర్చీలు, అవే టీ కప్పులు. ఒక్క నిట్టూర్పు విడిచి, అందరికీ వినిపించేలా అన్నాను.

"మచ్చ పలక మీద లేదు. మా బావగారికి కళ్ళు మసకబారాయి, పాపం."

 కార్యదర్శి తొడ చరుచుకుని నవ్వాడు. "చెల్లుకు చెల్లు! భలే అంటించావమ్మా!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది బావే.

"దీనికోసమేనా ఇన్నేళ్ళు దాచుకున్నావు? ఇప్పుడు నీ మనసు చల్లబడిందా?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"నేను నిజమే చెప్తున్నాను. డాక్టరుకి చూపించుకోండి," అన్నాను. నవ్వుతూ అన్నాను. ఆ నవ్వు చూసినవాడెవడూ ఆ మాట నమ్మడు. నమ్మకూడదనే నవ్వాను.

"తప్పకుండా! ముందు కొలత తియ్యి తల్లీ," అన్నాడు.

తీశాను. ఆయన కళ్ళజోడు ఎడమ అద్దం మీద చిన్న టేపు ముక్క అంటించాను. ఎడమకన్ను పెత్తనం పోయి చూపు మళ్ళీ కుడికంటి చేతికొచ్చింది. ఆ కన్ను నడుమ చూపు ఇంకా బాగానే ఉంది, నీడ మూలలోనే ఉంది. మరలు తిప్పి చెంప ఆనే చోటు కొంచెం ఎత్తాను, మనిషి బుగ్గలు పీక్కుపోయాయి గనక. మళ్ళీ కాల్పించాను. సున్నం సరిగ్గా చుక్క చుట్టూ రాలింది. చప్పట్లు మోగాయి.

ఆ తర్వాత రోజూ కూర్చుని మడమ చెక్కాను. నా బతుకులో అంత చక్కగా ఏ కొయ్యా చెక్కలేదు. కసితో చెక్కితే ఉలి చెయ్యి జారుతుందంటారు గానీ అదంతా ఒట్టిమాట. నా చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. నూనె పట్టించి ఆరబెట్టి బిగించి ఇస్తే బావ దాన్ని భుజానికెత్తి అలాగే ఉండిపోయాడు.

"అచ్చం మామయ్య చేతిపని," అన్నాడు మెల్లగా.

నన్ను ఎంత మండించిందో ఆ మాట.

టేపూ కొత్త మడమా కలిసేసరికి ఆయనకి బిళ్ళలు వరసగా పగలడం మొదలుపెట్టాయి. దాంతో నేను కంటి గురించి అన్నది ఒట్టి దెప్పిపొడుపేనని ఆయనకి ఖాయమైపోయింది. ఆ రోజుల్లోనే ఓ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. కుక్కర్ ఈల సరిగ్గా రావడం లేదట, గాస్కెట్ మార్చాలా, మూతే మార్చాలా అని. దాని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. చివర్లో, "మీ బావ ఎంత హుషారుగా ఉన్నారో తెలుసా? నువ్వు కొలత తీశావని ఊరంతా చెప్పుకుంటున్నారు. మీ ఇద్దరూ కలిసిపోయారు, నాకదే చాలే," అంది. 

నా నాలుక చివరి వరకూ వచ్చింది. 'అక్కా, రేపే కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళు' అని ఒక్క ముక్క చాలు. అక్క ఇంకేం అడగదు, నా మాటంటే తనకి గురి. బావ చెవి పట్టుకుని తీసుకెళ్తుంది.

"గాస్కెట్ మార్చి చూడు ముందు," అని ఫోన్ పెట్టేశాను.

పోటీ రోజు నేను ముందు వరసలో కూర్చున్నాను. బావ మొదట్లో బ్రహ్మాండంగా కొట్టాడు. బిళ్ళ లేవడం, పొగలా రాలిపోవడం. చూస్తున్నవాళ్ళు తుపాకి ఎవరు చేశారని అడుగుతుంటే కార్యదర్శి నా వైపు చూపించాడు. నాకు గర్వం రాలేదు. ఎదురుచూస్తూ ఉన్నాను.

మధ్యాహ్నం దాటాక బిళ్ళలు తప్పడం మొదలైంది. ఒకటి, వెంటనే ఇంకోటి. బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, టేపు ఇంకాస్త గట్టిగా అదిమాడు, మళ్ళీ ఎత్తాడు. "పుల్" అని కేకేశాడు. బిళ్ళ లేచింది, ఆయన కాల్చలేదు. అది తాపీగా ఎగిరి దూరంగా గడ్డిలో పగలకుండా పడింది.

బావ తుపాకి దించి ఎడంవైపు తల తిప్పి, "ఎవరండీ అడ్డంగా నిలబడింది? పక్కకి తప్పుకోండి," అన్నాడు. అక్కడ ఎవరూ లేరు.

నాకు ఆనందం వేసింది. ఉన్నమాట చెప్పడానికి నాకేం మొహమాటం? గుండె నిండా ఆనందం వేసింది. అందరూ ఆయన్ని చూస్తున్నారు, ఆయన చేతిలో తుపాకిని చూస్తున్నారు. ఇందాకటిదాకా అదే తుపాకి పగలగొట్టింది గనక తప్పు తుపాకిది కాదని అందరికీ తెలుసు. నాన్నా, చూడు, అనుకున్నాను. ఆ తర్వాత గుంపులోంచి అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పు ఒకటి ఊడిపోయినా ఆగలేదు. వచ్చి బావ చెయ్యి పట్టుకుంది. ఆ చెప్పు అక్కడే గడ్డిలో పడి ఉంటే నేను వెళ్ళి తీశాను. దాన్ని చేతిలో పట్టుకున్నాక నా ఆనందం కాస్త తగ్గింది.

ఆపరేషన్ చేశారు. కన్ను రాలేదు. పొర పూర్తిగా ఊడిపోయిందనీ, కొన్నాళ్ళ ముందు తెచ్చి ఉంటే దక్కేదనీ డాక్టరు చెప్పాడట. ఆసుపత్రికి నేను ఒక్కసారే వెళ్ళాను. బావ కంటికి కట్టుతో నిద్రపోతున్నాడు. అక్క నాతో ఏం మాట్లాడలేదు. అలసిపోయిందనుకున్నాను.

చాలా వారాల తర్వాత బావ క్లబ్బుకి రమ్మని కబురు చేశాడు. ఎడమకన్నుతో ఎడమ భుజం మీదనుంచి కాల్చడం నేర్చుకుంటాడట, దానికి కొత్త కొలత కావాలట. వెళ్ళేసరికి అందరూ ఉన్నారు. అక్కే కారు నడుపుకుంటూ ఆయన్ని తీసుకొచ్చింది. బావ టీ బల్లకి ఆనుకుని లేచి నిలబడ్డాడు. 

"మీ అందరికీ ఒక మాట చెప్పాలి," అన్నాడు. "మామయ్య కళ్ళు చివరిదాకా శుభ్రంగా ఉన్నాయి. మసకబారాయని నేను చెప్పింది అబద్ధం. నా కొట్టు నడవాలని చెప్పాను. ఆ పిల్లకి నా మీద ఎంత కోపం ఉండాలి? అయినా నాకు జబ్బుందని మీ అందరి ముందూ నిజం చెప్పింది, డాక్టరు దగ్గరికి వెళ్ళమంది. మనమే నవ్వాం. అది వాళ్ళ నాన్న పెంపకం."

కార్యదర్శి లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఎవరో "బంగారు తల్లి" అన్నారు.

ఇన్నేళ్ళుగా నేను అడిగిన మాట అదే. అదే చోట, అదే మనుషుల ముందు, ఒక్క అక్షరం తగ్గకుండా దక్కింది. నాకు ఎక్కడ చూడాలో తోచలేదు. పలకకి సున్నం కొట్టాలని చెప్పి అక్కణ్ణుంచి వచ్చేశాను.

కుంచె సున్నంలో ముంచుతుంటే అక్క వెనకే వచ్చింది.

"ముందే చెప్పావట కదే," అంది.

"చెప్పాను. అందరి ముందూ చెప్పాను."

"ఎలా చెప్పి ఉంటావో నాకు తెలుసు. నిన్ను నేనే పెంచాను. అది పోనీ. ఆయన మన నాన్నకి చేసిన దానికి ఆయన్ని అన్నావు, అను. ఆ తర్వాత నేను ఫోన్ చేశాను. కుక్కర్ గురించి అంతసేపు మాట్లాడుకున్నాం. నాకెందుకు చెప్పలేదు?"

మర్చిపోయానని అనొచ్చు. నమ్ముతావనుకోలేదని అనొచ్చు. ఎవరికైనా అలాగే చెప్పేదాన్ని. అక్కకి చెప్పలేకపోయాను.

"చెబితే మర్నాడే తీసుకెళ్ళేదానివి," అన్నాను.

అక్క నా మొహంలోకి చూసింది. అరుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. కొంగుతో మొహం తుడుచుకుని, "కొలత మాత్రం సరిగ్గా తియ్యి. ఆయనకి ఇంక ఆ ఒక్క కన్నే ఉంది," అని కారు దగ్గరికి వెళ్ళిపోయింది.

కొలత సరిగ్గానే తీశాను. ఎడమ భుజానికి కొత్త మడమ చెక్కి ఇచ్చాను. బావ ఇప్పుడు వారానికోసారి మా కొట్టుకి వచ్చి, నాన్న కుర్చీలో కూర్చుని, టీ తాగి, వచ్చినవాళ్ళందరికీ నా గురించి గొప్పగా చెప్పి వెళ్తుంటాడు. అక్క ఎలా ఉందని అడిగితే బాగానే ఉందంటాడు. ఫోన్ చేస్తే ఎత్తదు. తను నాకు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.